కాలిన వాసన

పదకొండో కిక్కుకు కొమురెల్లి చెప్పు తెగింది.

తెగిన చెప్పును కాలితోనే విదిలించి కొట్టాడు. అది వెళ్లి కుడితి గోలెం పక్కన పడింది. బండికి రెండు వైపులా వేలాడుతున్న పాల క్యాన్లు ఆ ఊపుకు ఒకసారి ఊగి ఆగాయి. అప్పటికే ఆరున్నర. మామూలు రోజైతే ఈ పాటికి ఆయన హసన్‌పర్తి దాటి, హనుమకొండలో మొదటి ఇంటి గేటు ముందు హారన్ కొడుతుండేవాడు.

"సోమారం బ్యాటరీ. ఇయ్యాల ఇంకేందో," అంది అనసూయ, పాలు పిండిన చెంబు తోముతూ. మొగుడి వైపు చూడలేదు. "వారంల రెండుసార్లు సచ్చుడేంది బండి? ఎవలన్న మందు పెట్టిండ్రా దానికి?"

"జర నోరు మూస్తవా?"

"మూస్త. పాలు ఇరిగినంక తెరుస్త."

కొమురెల్లి వట్టి కాలితోనే మళ్లీ కిక్కు కొట్టాడు. పన్నెండు. ఇంజన్ ఒక్కసారైనా దగ్గలేదు. ఊరికే ఊపిరి వదిలి ఊరుకుంది.

తిరుమల గడప లోపల నిలబడి లెక్కపెడుతోంది. బ్రష్ నోట్లోనే ఉంది. నాయన అరిస్తే ఆమెకు అంత భయం లేదు. అరవడం మానేసి, దవడ బిగించి, ఒక్క చోటికే చూస్తూ నిలబడితేనే భయం. ఇప్పుడాయన అలాగే నిలబడి ఉన్నాడు.

సోమవారం కూడా ఇలాగే నిలబడ్డాడు. ఆ రోజు మెకానిక్ సారంగపాణి బ్యాటరీ మూతలు విప్పి, లోపల తెల్లగా పేరుకున్న పొరను పుల్లతో గీకి చూపించాడు. "బోరు నీళ్లు ఎవలు పోసిండ్రే దీంట్ల? ఇగ ఇది పనికిరాదు," అన్నాడు. కొమురెల్లి తిరిగి తిరుమలను చూశాడు. "నువ్వేనా?" అన్నాడు. ఆమె కాదని చెప్పాలనుకుంది. నోరు రాలేదు. ఆమెకు ఎప్పుడూ అంతే, మాట గొంతులోనే కూర్చుంటుంది. రాకపోవడాన్ని ఆయన అవునని లెక్కపెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి ఈ గురువారం దాకా కూతురితో ఒక్క మాట మాట్లాడలేదు.

"ఏయ్," అన్నాడు ఇప్పుడు. "జూస్తానవేంది? సారంగపాణి చెప్పినయన్ని రాసుకుంటవ్ గద. నీ బుక్కుల ఏం రాసుందో సూడు."

అది ఎగతాళే. అయినా నాలుగు రోజుల తర్వాత నాయన నోటి నుంచి వచ్చిన మాట. తిరుమల బ్రష్ అరుగు మీద పెట్టి, పరుగులాంటి నడకతో వచ్చి బండి పక్కన కూర్చుంది.

బుక్కు చూడాల్సిన పని లేదు. కాలేజీ బస్సు ఆగే చోటే సారంగపాణి షాపు. బస్సు వచ్చేదాకా మిగతా ఆడపిల్లలు మాట్లాడుకుంటారు, తిరుమల ఆయన మాటలు రాసుకుంటుంది. ఆ నోట్‌బుక్కును ముందు నుంచి తిప్పితే డైరీ. వెనక నుంచి తిప్పితే సారంగపాణి. డైరీ ఎవరికీ చూపించదు. వెనక సగం మాత్రం సాయంత్రాలు నానమ్మ సమ్మమ్మకు చదివి వినిపిస్తుంది. సమ్మమ్మకు చదువు రాదు. కానీ మనవరాలి గొంతు ఇంట్లో వినిపించేది ఆ కాసేపే అని ఆమెకు తెలుసు. అందుకే పాపం, బండి సంగతులైనా సరే ఊ కొడుతూ వింటుంది. అలా అనుకునేది తిరుమల.

"ఒక్కొక్కటి తీసేసుకుంట పోవాలె కోడలా," అంటాడు ఊరి వరసకు మామయ్యే సారంగపాణి. "ఇది గాదు, ఇది గాదు, ఇది గాదు అనుకుంట పోతే, ఆఖరికి మిగిలిందే రోగం."

తాళం తిప్పింది. పచ్చ లైటు వెలగలేదు. హారన్ నొక్కింది. చిన్న మూలుగు కూడా లేదు. పక్క మూత విప్పి బ్యాటరీ తీగలు కదిపి చూసింది. గట్టిగానే ఉన్నాయి. పెట్టి నాలుగు రోజులైన బ్యాటరీ. అది కాదు. మొత్తం కరెంటే ఎక్కడో తెగిందంటే ఇక ఫీజే. ఈ పాత బండికి బ్యాటరీ నుంచి కరెంటు రాకపోతే ప్లగ్గులో నిప్పు పుట్టదు, వంద కిక్కులు కొట్టినా అంతే.

ఫీజు డబ్బా మూత తెరిచింది.

ఫీజు కాలిపోతే గాజు గొట్టం నల్లబడుతుంది, లోపలి తీగ తెగి ఉంటుంది. ఇక్కడ నల్లబడిందేమీ లేదు. అసలు ఫీజే లేదు. దాని చోటు ఖాళీగా, శుభ్రంగా ఉంది. పక్క గాడిలో మాత్రం అవసరానికి దాచే రెండో ఫీజు కదలకుండా ఉంది.

తిరుమల తల ఎత్తింది. కొమురెల్లి తెగిన చెప్పుకు పిన్నీసు వెతుక్కుంటున్నాడు. అనసూయ చెంబు బోర్లించి పెడుతోంది. అరుగు మీద సమ్మమ్మ వక్క నమలడం ఆపేసి కూర్చుని ఉంది. ఆమె బండిని చూడటం లేదు. కొడుకును చూస్తోంది.

"దొరికిందా?" అన్నాడు కొమురెల్లి.

ఫీజు ఎవరో తీశారని చెప్పాలి. అందరూ ఉన్నారు. మళ్లీ గొంతులోనే కూర్చుంది మాట. మళ్లీ తన మీదికే వస్తుందేమో అని కూడా అనిపించింది.

"ఫీజు బాపూ. ఇంకోటుంటే పెట్టిన," అంది మెల్లగా.

పచ్చ లైటు వెలిగింది. ఒక్క కిక్కుకే ఇంజన్ అందుకుంది. కొమురెల్లి ముఖం విప్పారింది. వంగి, కూతురి తల మీద చెయ్యి వేసి ఒకసారి ఊపాడు.

"నా బిడ్డ," అన్నాడు. "ఇంట్లనే మెకానిక్ ఉంటే ఊళ్లెకెందుకు పోవుడు?"

తిరుమల నేలను చూస్తూ నవ్వింది. ఈ మాట ఇవాళ డైరీలో, ముందు సగంలో రాసుకోవాలి.

బండి వాకిలి దాటుతుంటే సమ్మమ్మ లేచింది. మోకాళ్ల నొప్పుల మనిషి, సందు దాకా వెంట నడిచింది.

"కొమురెల్లీ. ఇయ్యాల వద్దు బిడ్డా."

"ఏమైందే అవ్వా?"

"ఏం గాలే. కల పడ్డది."

"నీ కలలకు గిరాకీలు ఆగుతరా?" అని నవ్వుతూ గేరు వేశాడు. క్యాన్లు టంగుమన్నాయి. వాన నీళ్లు కాళ్లకు చిమ్మకుండా ఇంజన్ ముందు కట్టిన రెక్సిన్ గుడ్డ రెపరెపలాడింది. మలుపు తిరిగాక శబ్దం కొంతసేపు వినిపించి, తర్వాత అదీ లేదు.

సమ్మమ్మ తిరిగి వచ్చి అరుగు మీద కూర్చుంది. నడుముకు చెక్కుకున్న వక్కల సంచి తీసి, సున్నం డబ్బీ కోసం వేలు పెట్టి గెలికింది. సంచిలోంచి ఏదో జారి అరుగు బండ మీద టిక్కుమని పడింది.

చిన్న గాజు గొట్టం. లోపల వెంట్రుకంత తీగ. తెగలేదు.

తిరుమల దాన్ని తీసుకుని అరచేతిలో పెట్టుకుంది.

"బాపమ్మా. నువ్వే తీసినవా?"

"తీసిన."

"బ్యాటరీల బోరు నీళ్లు?"

"పోసిన." గొంతులో తప్పు చేసిన భావం ఏమీ లేదు.

"నీకెట్లెర్క గవన్ని?"

"నువ్వే గద సదివినవ్. మొదటి పేజీల బోరు నీళ్లు. రెండో పేజీల గాజుముక్క." సమ్మమ్మ ఆమె వైపు చూసింది. "మల్లొక్కపారి సదువు బిడ్డా అని ఎందుకడిగిన అనుకున్నవ్? ముసల్దానికి బండి మీద ముచ్చటనా?"

తిరుమల గాజు గొట్టాన్ని గుప్పిట్లో బిగించింది.

"మరి నన్ను తిడ్తాంటే ఊకున్నవేంది? నాలుగు రోజులు బాపు నాతోని మాట్లాడలే."

"ఊకున్న. నువ్వు తిట్లు తింటే సావవు."

"ఎందుకు చేసినవ్?"

సమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చెప్పొద్దు. వాని నెత్తి మీద నా చెయ్యి పెట్టించుకొని ఒట్టేయించుకున్నడు. నేను నోరు తెరిస్తే వానికే తగుల్తది." కొంగు తీసి అంది. "ఒట్టు నోటికే పెట్టిండు. చేతులకు పెట్టలే. అందుకే చేతులతోని చేసిన."

"బాపమ్మా, నాకు భయమైతాంది."

"నువ్వడుగు. నేను తలూపుత. తలూపుడు చెప్పినట్టు గాదు."

అప్పుడు సమ్మమ్మ ఎడమ చేతిని ముందుకు చాపింది. వేళ్లు ఒక్కొక్కటే లోపలికి ముడుచుకున్నాయి. చెయ్యి కట్టెలా బిగుసుకుంది. మెడ ఒక పక్కకు వాలింది, పళ్లు బిగిశాయి, కళ్లు పైకి పోయాయి. అలాగే కూర్చుని ఒళ్లంతా గడగడ ఊపింది. అరుగు మీది వక్కల సంచి కింద పడింది.

"బాపమ్మా! ఆపు!"

ఆపింది. కళ్లు తుడుచుకుంది.

"బాపుకా?" అంది తిరుమల. "బాపు గిట్ల పడ్డడా?"

తల ఊపింది.

"ఫిట్సా? మూర్ఛనా?"

ఊపింది.

"ఎన్నిసార్లు?"

రెండు వేళ్లు. ఒక వేలితో బర్రెల కొట్టం చూపించింది. ఇంకో వేలితో ఊరి బయట మక్క చేను దిక్కు.

"దవాఖానకు పోయిండా? గోళీలిచ్చిండ్రా? బండి నడపొద్దన్నరా?"

మూడింటికీ తల ఊపింది. తర్వాత తనే ఒకటి కలిపింది. ముక్కును తాకి, గట్టిగా పీల్చి, పెరట్లో చల్లారి ఉన్న పొయ్యి వైపు చూపించి, లేదన్నట్టు చెయ్యి తిప్పింది.

తిరుమలకు వెంటనే అర్థం కాలేదు. "వాసననా? పొయ్యి... కాలిన వాసన? పొయ్యిల ఏం లేకున్నా బాపుకు కాలిన వాసనొస్తదా?"

ఊపింది.

"పడేటందుకు ముందా?"

సమ్మమ్మ రెండుసార్లు గట్టిగా తల ఊపింది.

తిరుమల అరచేతిలోని గాజు గొట్టం చెమటకు తడిసింది. ఆ రెండో ఫీజును పెట్టింది తను. పచ్చ లైటు వెలిగించింది తను. నా బిడ్డ అంటే నవ్వింది తను.

"నువ్వు నాకు ముందే తలూపి ఉంటే..." అంది. ఏడుపొచ్చింది. "నేను పెట్టకపోదును గద బాపమ్మా. నేను బాగు చేయకపోదును గద."

"ఫికర్ జెయ్యకు," అంది సమ్మమ్మ. ఆమె గొంతు ఇప్పుడు నెమ్మదిగా ఉంది. మనవరాలి వీపు నిమిరింది. "ఎక్కువ దూరం పోడు. నువ్వు తెలివిగల్లదానివి, ఆ గాజుముక్క మల్ల పెడ్తవని నాకెర్కే. అందుకే ఇంకోటి గూడ చేసిన."

"ఇంకోటి ఏంది?"

"మూడోది."

తిరుమల నానమ్మ చేతులు చూసింది. గోళ్ల సందుల్లో ఎర్రమన్ను. నిన్న పొద్దుగూకే వేళ తట్టలో ఎర్రమన్ను కలుపుతుంటే, పొయ్యి అలుకుతోందనుకుంది. పొయ్యి వైపు చూసింది. పొయ్యి పగుళ్లు పగుళ్లుగా అలాగే ఉంది.

లోపలికి పరుగెత్తి నోట్‌బుక్కు తెచ్చింది. వెనక నుంచి మూడో పేజీ. తన గుండ్రటి అక్షరాలే.

ఇంజన్ చుట్టూ ఉండే ఇనుప రెక్కల మధ్య నుంచి గాలి పోతేనే ఇంజన్ చల్లబడుతుంది. బురద పడితే బ్రష్షుతో కడగాలి. వానాకాలం పోయాక ముందు కట్టిన రెక్సిన్ విప్పేయాలి. గాలి తగలకపోతే ఇంజన్ కాగిపోయి బండి ఆగిపోతుంది.

"రెక్కల సందులు మొత్తం మెత్తిన," అంది సమ్మమ్మ. "పొయ్యి అలికినట్టే అలికిన. చీమ దూరే సందు లేదు. ముందల గుడ్డ అడ్డముంది, ఎవలకు కనపడది. కాగుతది, ఆగుతది. వాడు దిగుతడు. అంతే గద నువ్వు సదివింది?"

అంతే. తను చదివింది అంతే.

కానీ ఆ పేజీలో కింద ఇంకో వాక్యం ఉంది. ఆ సాయంత్రం అక్కడిదాకా వచ్చి, నానమ్మ భయపడుతుందని చదవకుండా బుక్కు మూసేసింది.

ఆయిల్ తక్కువ ఉన్న బండి అలా కాగితే పిస్టన్ పట్టేస్తుంది. నడుస్తుండగానే వెనక చక్రం బిగుసుకుపోతుంది. మనిషి బండితో సహా రోడ్డు మీద పడతాడు.

సోమవారం నాడే సారంగపాణి అన్నాడు. ఆయిల్ అడుగంటింది కొమురెల్లీ, ఆదివారం తీసుకరా, మారుస్త. ఆదివారం ఇంకా రాలేదు.

ఆ వాక్యం ఇప్పుడు బయటికి చదివింది. చదువుతుంటే నానమ్మ ముఖంలో రంగు పోవడం చూసింది.

"గిది అప్పుడు సదవలేదేంది?" అంది సమ్మమ్మ. "గిది సదవలేదేందే?"

"ఏంది లొల్లి?" అంటూ అనసూయ పెరట్లోంచి వచ్చింది, చేతిలో పేడ తట్ట.

తిరుమల మీద ఎవరి ఒట్టూ లేదు. చెప్పింది. ముక్కలు ముక్కలుగా, ముందుది వెనక వెనకది ముందు, కానీ అంతా చెప్పింది. ఫిట్స్ అన్న మాట దగ్గర సమ్మమ్మ రెండు చెవులూ మూసుకుంది.

అనసూయ తట్ట కింద పెట్టింది. చాలా నెమ్మదిగా పెట్టింది.

"నీ కొడుకును నువ్వే సంపుకుంటవా అత్తా?"

సమ్మమ్మ కింద పడ్డ వక్కల సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"నాతోనన్న చెప్పొద్దా? ఒట్టట, ఒట్టు! నా మొగడు పడిపోతాండని నాకే ఎర్క లేదు. ఇంట్ల ఉన్ననా, ఊళ్లె ఉన్ననా నేను?"

ఉన్నట్టుండి ఆగిపోయింది. కొట్టం వైపు చూసింది.

"గోళీలు," అంది.

"ఏం గోళీలమ్మా?"

"దాణా డబ్బాల తెల్ల గోళీలుండె. ఇవేందయ్యా అంటే బర్రెకు అన్నడు. అరుగుదలకు తెచ్చిన అన్నడు." అనసూయ కొంగు అంచు పళ్ల మధ్య పెట్టుకుంది. "యాదికొచ్చినప్పుడల్ల ఒకటి కుడితిల కలిపిన. మొన్నటితోని అయిపోయినయ్. అయిపోయినయంటే నా మొకం సూసి సరే అన్నడు."

ముగ్గురూ ఒకేసారి బర్రె వైపు చూశారు. అది నిమ్మళంగా నెమరేస్తోంది. ఇంకో రోజైతే తిరుమల నవ్వు ఆపుకోలేకపోయేది.

"ఫోన్ చెయ్యి," అంది అనసూయ. "నిలబడ్డవేందే, చెయ్యి!"

చేసింది. మోగింది. మోగి మోగి ఆగింది. నడుపుతున్నప్పుడు ఆయన ఎత్తడు. ఫోన్‌ను పాలిథిన్ కవర్లో చుట్టి సీటు కింద సంచిలో పెడతాడు. మళ్లీ చేసింది. ఎత్తలేదు.

"సారంగపాణికి చెయ్యి. షాపు ముందలికెల్లే పోవాలె."

తిరుమల ఫోన్ తల్లి చేతికి ఇవ్వబోయింది. బయటివాళ్లతో ఫోన్‌లో ఆమె ఎప్పుడూ మాట్లాడదు. ఇంటికి సిలిండర్ అబ్బాయి చేసినా తల్లికి ఇచ్చేస్తుంది. అనసూయ ఆ చేతిని వెనక్కి నెట్టింది.

"నువ్వే మాట్లాడు. ఆ రెక్కలు, పిస్టన్లు నాకేం ఎర్క? నువ్వు చెప్తేనే ఆయనకు సమజైతది."

"కోడలా? పొద్దున్నే ఏంది?" అన్నాడు సారంగపాణి. వెనక షట్టర్ ఎత్తుతున్న చప్పుడు.

"మామా, బాపు పోయిండా?"

"పదిహేను నిమిషాలైతాంది. చెయ్యి గూడ ఊపిండు. నేనప్పుడు టీ తాగుతాన. ఏమైంది?"

"ఇంజన్... రెక్కల సందుల మన్నుంది మామా. మొత్తం మెత్తిండ్రు. ఆయిల్ లేదని నువ్వే అన్నవ్. చక్రం పట్టేస్తది."

అవతల షట్టర్ చప్పుడు ఆగింది.

"ఎవలు మెత్తిండ్రే?"

"మామా, జల్ది పో. ఆపు బాపును. ఆయనకు..." ఆ మిగతా మాట కూడా బయటికి తోసింది. "ఆయనకు ఫిట్స్ వస్తానయ్. ఎవలకు చెప్పలే."

"అరెరె," అన్నాడు సారంగపాణి. "నేను పోతాన. ఫోన్ పెట్టు."

అనసూయ గడప మీద కూర్చుంది. సమ్మమ్మ అరుగు మీద. ఇద్దరి మధ్యా నాలుగడుగులు కూడా లేవు. సమ్మమ్మ తన చేతులనే చూసుకుంటోంది. గోళ్లలోని మన్నును ఇంకో గోరుతో తీస్తోంది. తీసిందే మళ్లీ తీస్తోంది.

తిరుమల కళ్ల ముందు కరీంనగర్ రోడ్డే కనిపిస్తోంది. గ్రానైట్ బండలు వేసుకుని పోయే లారీలు. వాటి పక్కనే, అంచు పట్టుకుని, రెండు క్యాన్లతో నెమ్మదిగా పోయే బండి. ఎక్కడ ఉండి ఉంటాడు? ఏ లారీ ముందు?

ఫోన్ మోగింది.

బాపు.

"బాపూ!"

"నువ్వేనా బిడ్డా? రెండుసార్లు చేసిండ్రేంది?" మామూలు గొంతే. వెనక ఏదో లారీ పోతున్న హోరు. "బండి మల్ల ఆగింది. హసన్‌పర్తి చెరువు కాడున్న. వెనక చక్రం ఒక్కసారి గుంజింది. క్లచ్ పట్టుకున్న, పక్కకొచ్చి ఆగిన. నెమ్మదిగ పోతున్న కాబట్టి సరిపోయింది. ఇయ్యాల ఎవని మొకం సూసిన్నో."

తిరుమల గోడకు ఆనుకుంది. "బాగున్నడు," అని తల్లికీ నానమ్మకూ సైగ చేసింది. సమ్మమ్మ రెండు చేతులూ జోడించి నుదుటికి ఆనించుకుంది. అనసూయ కొంగులో ముఖం పెట్టుకుని ఒక్కసారిగా ఏడ్చేసింది.

"బాపూ, దెబ్బ తాకిందా?"

"దెబ్బ లేదు గిబ్బ లేదు. కిక్కు రాయి లెక్కుంది, దిగుతలేదు. ఏం చేద్దాం చెప్పు మెకానిక్?" అని నవ్వాడు. "పాలు కాగబెట్టేటట్టు కాగింది ఇంజన్."

"ఏం చెయ్యకు. ముట్టకు. సారంగపాణి మామ వస్తాండు. ఆడనే ఉండు."

"ఆయనెందుకు వస్తాండు? నువ్వు చెప్తే నేనే..." ఆగాడు. ఏదో వెతుకుతున్నట్టు ఆగాడు. "ఏదో కాలిన వాసనొస్తాంది బిడ్డా."

తిరుమల నానమ్మ వైపు చూసింది. ఆమెకేమీ వినపడలేదు, ఇంకా చేతులు జోడించే ఉంది.

కాలిన వాసన రావాలి. కాగిన ఇంజన్, మాడిన ఆయిల్, మన్ను, రెక్సిన్. రాకపోతేనే ఆశ్చర్యం. అది ఇంజన్ వాసనే. ఇంజన్‌దే అయి ఉండాలి.

చల్లారిన పొయ్యి వైపు చెయ్యి తిప్పిన నానమ్మ గుర్తొచ్చింది.

ఒక్కొక్కటి తీసేసుకుంట పోవాలె కోడలా.

"బాపూ," అంది. "నేనొకటి చెప్త, చేస్తవా? బండి కాన్నుంచి దూరం పో. పది అడుగులు. లెక్కపెట్టుకుంట పో. ఫోన్ పెట్టెయ్యకు."

"ఎందుకే?"

"ఇంజన్ వాసననా, వైరు వాసననా తెల్సుకోవాలె. దూరం పోతే తెలుస్తది. చెయ్యి బాపూ."

"నీ పరీక్షలు పాడుగాను," అన్నాడు. గొంతులో గర్వం కూడా ఉంది. "సరే. పోతాన. ఒకటి... రెండు..."

అనసూయ ఏడుపు ఆపి తల ఎత్తింది. "ఏం లెక్కపెడ్తాండు?" అంది. తిరుమల చెయ్యి అడ్డం పెట్టి ఆగమంది.

"నాలుగు... అయిదు..."

లారీ హోరు దూరమవుతోంది. దాని బదులు ఏవో పిట్టల అరుపులు వినిపిస్తున్నాయి. కొంగలా?

"బాపూ, ఎటు నడుస్తానవ్?"

"ఎటంటవేందే? రోడ్డు మీద లారీలు. చెరువు దిక్కే దిగుతాన. ఏడు... ఎన్... ఎనిమిది..."

దిక్కు చెప్పలేదు తను. దూరం పొమ్మంది కానీ, ఎటో చెప్పలేదు.

"తొమ్మిది." కాళ్ల కింద తడి మట్టి చప్పుడు. "పది. గిదో, నీళ్ల కాడికొచ్చిన."

"వాసనొస్తాందా బాపూ ఇంక?"

ఆయన ముక్కుతో గట్టిగా పీల్చడం వినిపించింది. ఒకసారి. మళ్లీ ఒకసారి.

"వస్తాంది బిడ్డా," అన్నాడు. గొంతు ఎందుకో నెమ్మదించింది, నిద్రలోంచి వచ్చినట్టు. "ఆడికంటె ఈడనే ఎక్కువస్తాంది."

"బాపూ, ఎనకకు రా! నీళ్ల కాన్నుంచి ఎనకకు రా! కూసో, కింద కూసో బాపూ!"

తిరుమల అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. పక్కింటి వాళ్లు గోడ మీది నుంచి తొంగి చూశారు. సమ్మమ్మ అరుగు దిగి, మోకాళ్ల మీద పాకినట్టుగా వస్తోంది. అనసూయ ఫోన్ లాక్కోబోయింది. తిరుమల ఇవ్వలేదు. చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

పిట్టలు అరుస్తున్నాయి. దూరంగా ఇంకో లారీ పోతోంది. నాయన గొంతు లేదు.

ఫోన్ తెర చూసింది. కాల్ తెగలేదు. ఆయన పేరు కింద సెకన్లు ఒక్కొక్కటే పెరుగుతూ పోతున్నాయి.